పిచ్చుక బండ్ల వేసవి

పిచ్చుక కంపెనీ మూతపడిందన్న వార్త వచ్చిన రోజు మా నాన్న భోజనం చెయ్యలేదు. ఆ కంపెనీలో ఆయనకి వాటా లేదు, ఉద్యోగమూ లేదు. అయినా సొంత మేనమామ పోయినట్టు మొహం వేలాడేసుకుని వరండాలో కూర్చున్నాడు. అమ్మ వంటింట్లోంచి రెండుసార్లు పిలిచి, మూడోసారి దగ్గరికెళ్ళి భుజం తట్టి, కార్లు పోయాయి గానీ ఆకలి పోలేదుగా లేవండి అంది.

ఆ కారు అసలు పేరు ఎవరికీ నోరు తిరిగేది కాదు. ముందు మూతి మీద వేలెడంత ఇత్తడి పిచ్చుక ఉండేది కాబట్టి అందరూ పిచ్చుక బండి అనేవాళ్ళు. గుండ్రంగా, పొట్టిగా, బుగ్గలు పూరించుకున్న పిల్లలా ఉండేది. ఎత్తు ఎక్కమంటే అలిగేది, వానలో తలుపు సందుల్లోంచి నీళ్ళు కార్చేది. కానీ పొద్దున్నే తాళం తిప్పితే లేవనని మొండికేసిన పిచ్చుక బండిని నేనైతే చూడలేదు. కంపెనీ ఎత్తేశారనగానే జనం బెంబేలెత్తిపోయి ఉన్న బండ్లు అయినకాడికి అమ్మేసుకోవడం మొదలుపెట్టారు. జన్మలో కారు కొంటామని అనుకోని వాళ్ళంతా అప్పుడు కొనడానికి ఎగబడ్డారు. అదీ ఆ వేసవి.

నాన్న పత్రికలో ఆదివారం పేజీకి పాత బండ్ల గురించి రాసేవాడు. ఎవరైనా పాత బండి బేరమాడుకుంటే కొనేముందు నాన్నకి కబురు పెట్టేవాళ్ళు. నాన్న వెళ్ళి నడిపించి చూసి, మంచీ చెడ్డా పత్రికలో రాసేవాడు. చప్పుడు విని రోగం చెప్పేస్తాడని ఊళ్ళో ఆయనకి స్టెతస్కోపు గారని పేరు. ఆ పేరంటే ఆయనకి ఎంత ఇష్టమో, పైకి మాత్రం అంత చిరాకు పడేవాడు. ఆ వేసవంతా ప్రతి వారం పిచ్చుక బండ్ల గురించే రాయమని ఎడిటరు అడిగితే నాన్న మొహంలో మళ్ళీ కళ కనిపించింది. కంపెనీ పోయినంత మాత్రాన బండి పోయినట్టు కాదని లోకానికి చాటాలని ఆయన పట్టుదల.

నాన్న పద్ధతి లోకంలో ఎవరికీ లేని పద్ధతి. బండిని పరీక్షించేవాడు ఎవడైనా స్టీరింగు పట్టుకుంటాడు. మా నాన్న వెనక సీటు మధ్యలో కూర్చునేవాడు. నడిపేవాడికి బండి ముద్దుగా అబద్ధాలు చెబుతుందట, వెనక కూర్చున్నవాడి దగ్గర దాని ఆటలు సాగవట. అంతవరకూ నడిపి పెట్టిన డ్రైవింగ్ స్కూలు బాబాయికి కంటి ఆపరేషన్ అయింది. అమ్మని అడిగితే, మీతో కాపురం చేస్తున్నది చాలు, డ్రైవరుద్యోగం కూడా నావల్ల కాదంది. అప్పటికి నేను చదువు ముగించి, ఉద్యోగాలకి దరఖాస్తులు పడేస్తూ, ఇంట్లో ఈగలు తోలుతున్నాను. కాబట్టి ఆ పని నా మెడకి చుట్టుకుంది.

మండుటెండలో అద్దాలన్నీ బిగించెయ్యాలి. రేడియో ఊసెత్తకూడదు. దగ్గు వచ్చినా మింగెయ్యాలి. ముందు నున్నటి తారు రోడ్డు మీద, తరవాత రైలు గేటు దాటాక వచ్చే రాళ్ళబాట మీద, ఆఖర్న నీళ్ళ ట్యాంకు దగ్గరి ఎత్తు మీద నడపాలి. చెమటకి నా జాకెట్టు వీపుకి అతుక్కుపోయేది. వెనక నాన్న మాత్రం కచేరీకి వచ్చినవాడిలా ఒళ్ళో చేతులు పెట్టుకుని హాయిగా కూర్చునేవాడు. ఎక్కడో కిందనుంచి చిన్న కిర్రుమనే చప్పుడు రావడం, నాకు అది వినిపించీ వినిపించక ముందే నాన్న వేలు ఎత్తి, "అదిగో" అనడం ఒక్కసారే జరిగేవి. నాకు ఒళ్ళు గగుర్పొడిచేది. నడుపుతున్నది నేను, నా కాళ్ళ కింద వచ్చిన చప్పుడు నాకంటే ముందు ఆయన ఎలా పట్టుకుంటున్నాడా అని. ఆ రోజుల్లో మా నాన్నంతటి మనిషి ఇంకొకడు లేడని గట్టిగా నమ్మాను. ఇప్పటికీ నమ్ముతాను, కారణం మాత్రం వేరు.

ఆయన రాసే తీరు కూడా అలాగే ఉండేది. బండిని బండిలా రాయడం ఆయనకి చేతకాదు. ఒక ఎర్ర బండి గురించి, ఇది కోపిష్టిది గానీ మనసులో ఏమీ పెట్టుకోదు, క్లచ్చు మార్చి ప్రేమగా చూసుకోండని రాశాడు. బ్యాంకు గుమాస్తా గారి తెల్ల బండికి పైన రంగు వేసి అడుగున తుప్పు దాచారు. దాని గురించి, పెళ్ళివారి ముందు నవ్వుతూ నిలబడిన జ్వరం మనిషి అని రాశాడు. గుమాస్తా గారు మా ఇంటి మీదకి పోట్లాటకి వచ్చారు. నాన్న ఆయన్ని కూర్చోబెట్టి నిమ్మరసం ఇప్పించి, ఆయన మొహంలోకే చూస్తూ చెప్పిందంతా విని, అడుగున తుప్పు ఉందా లేదా అని ఒక్కటే అడిగాడు. ఆయన నిమ్మరసం తాగేసి వెళ్ళిపోయారు.

ఇంట్లో మాత్రం నాన్న వ్యవహారం వేరేగా ఉండేది. అమ్మ వంటింట్లోంచి ఏదైనా తెమ్మంటే పలికేవాడు కాదు. మీ నాన్నకి బండి మూలిగితే వినిపిస్తుందే, పెళ్ళాం మూలిగితే వినిపించదు అని అమ్మ దెప్పేది. మేమంతా నవ్వేవాళ్ళం, నాన్న కూడా మాతో పాటు నవ్వేవాడు. ఏ ఇంట్లో మొగుడు మాత్రం పెళ్ళాం మాట మొదటిసారికే విన్నాడు కనక.

ఎండలు ముదిరాక నా కళ్ళు మండడం మొదలుపెట్టాయి. బజారుకెళ్ళి నల్ల కళ్ళజోడు కొనుక్కున్నాను. సగం మొహం దాంట్లోనే మునిగిపోయేంత పెద్దది. అది పెట్టుకుని మొదట నడిపింది దర్జీ షాపు వాళ్ళ ఆకుపచ్చ బండి. దానికేమీ రోగం లేదు. రెండోది బూడిదరంగు బండి. దాన్ని కొనాలనుకుంటున్నది ఆస్పత్రిలో పనిచేసే నర్సమ్మ. భర్త పోయాక ఇద్దరు పిల్లల్ని ఒక్కతే పెంచుకుంటోంది. పిల్లల్ని స్కూల్లో దింపి డ్యూటీకి వెళ్ళాలి, బస్సుల్లో నలిగి నలిగి ప్రాణం విసిగిపోయింది. బాబాయ్ గారూ, మీరు సరే అంటే కొంటాను, వద్దంటే వద్దు, ఇంకెవరి మాటా నాకక్కర్లేదంది నాన్నతో.

బూడిదరంగు బండి తారు రోడ్డెక్కి కాస్త వేగం అందుకోగానే వెనక ఎడమవైపునుంచి ఒక ఊళ మొదలైంది. ముందు సన్నగా, తరవాత తరవాత లావుగా. కుడివైపు మలుపు తిరిగితే ఇంకా పెరిగింది. నేను నాన్న వేలు కోసం చూస్తున్నాను. వేలు లేవలేదు. రాళ్ళబాట అయింది, ఎత్తు అయింది. బండి ఆపాక నాన్న దిగి, బానెట్టు మీద చెయ్యి వేసి, ఇంత నెమ్మదైన బండిని ఈ వేసవిలో చూడలేదన్నాడు. నర్సమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను నోరు తెరవబోయి మూసుకున్నాను. స్టెతస్కోపు గారికి రోగంలా అనిపించనిది నాకెందుకు అనిపించాలి, టైర్ల చప్పుడై ఉంటుందిలే అనుకున్నాను. ఆ సాయంత్రమే నాన్న వ్యాసం రాసి పత్రికాఫీసుకి పంపించేశాడు.

మర్నాడు ఇంకో బండి. ఆ రోజు మబ్బుగా ఉంది, కళ్ళజోడు ఇంట్లోనే వదిలేశాను. మంచి బండి, ఏ చప్పుడూ లేకుండా వెళ్తోంది. రైలు గేటు దాటాక ఎక్కడినుంచి వచ్చిందో ఒక ఎర్రచీమ చెప్పులోకి దూరి చిటికెన వేలు పట్టుకుని కుట్టింది. నేను మొహం చిట్లించాను. నోరు మాత్రం విప్పలేదు, విప్పకూడదు కదా.

"అదిగో," అన్నాడు నాన్న వెనకనుంచి వేలెత్తి. "ముందు కుడివైపు. విన్నావా?"

వినడానికి అక్కడ ఏమీ లేదు. ఎదురుగా ఉన్న అద్దంలోకి చూశాను. నాన్న కళ్ళు రోడ్డు మీద లేవు, నా మొహం మీద ఉన్నాయి. నేను ఏ అక్షరం దగ్గర తడబడతానా అని కాచుకుని కూర్చున్న పంతులు గారిలా, రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు. విన్నాను నాన్నా అన్నాను. గేరు మార్చి బండి నడుపుతూ ఇంటిదాకా వచ్చాను. ఆ చీమ ఎప్పుడు వదిలిందో నాకు తెలియలేదు.

అమ్మ పెరట్లో బట్టలు తీస్తోంది. దగ్గరికెళ్ళి, నాన్నకి వినిపించడం లేదన్నాను. అమ్మ తీసిన దుప్పటి మడతపెడుతూనే, తెలుసు అంది. ఎప్పటినుంచి అంటే, చాన్నాళ్ళయింది అంది. మొదట్లో ఒక చెవి, తరవాత రెండూ. నేను దెప్పుతూ ఉంటే నలుగురూ నవ్వి ఊరుకుంటారని దెప్పుతున్నానే, లేకపోతే ఎప్పుడో బయటపడిపోయేవారు అంది. మా ఇంట్లో ఇన్నాళ్ళూ నడిచిన వేళాకోళం అంతా అమ్మ ఆయన మీద కప్పిన దుప్పటి అని అప్పుడు తెలిసింది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

"ఆయన నోటితో ఆయన చెప్పేదాకా మనం అనకూడదు," అంది అమ్మ. "ఆ ఒక్క పని పోతే మీ నాన్న ఏమైపోతారో నేను ఊహించుకోలేను."

నేను బూడిదరంగు బండి సంగతి చెప్పాను. అమ్మ చేతిలో దుప్పటి ఆగిపోయింది. ఆదివారం పత్రికలో వస్తే నర్సమ్మ పిల్లల్ని ఎక్కించుకుని ఆ బండిలో తిరుగుతుంది. ఏ రోజో చక్రం పట్టేస్తుంది. అమ్మే తేరుకుని, నువ్వే ఎడిటరుకి ఫోను చేసి ఆ ముక్క మార్పించెయ్, నర్సమ్మకీ చెప్పెయ్, నాన్న దాకా రానివ్వకు అంది.

ఫోను ఎత్తాను. ఎత్తి మళ్ళీ పెట్టేశాను. ఆదివారం పొద్దున్నే పత్రిక విప్పి తన వ్యాసమే ముందు చదువుకునే మనిషి, తను రాయని మాట అందులో కనిపిస్తే ఏమనుకుంటాడు? కూతురు తన వెనకాల దిద్దిందని తెలిస్తే చెవులు పోయినదానికంటే ఎక్కువ బాధపడతాడు. ఆ వేసవంతా ఆయన తెలిసి ఒక్క బండికి కూడా లేనిది ఉందని రాయలేదు, ఉన్నది లేదని రాయలేదు. అలాంటి మనిషి పేరు మీద ఈ నిజం నేనెలా దాచను?

వరండాలోకి వెళ్ళి స్టూలు లాక్కుని ఆయనకి ఎదురుగా, మొహం బాగా కనబడేలా కూర్చున్నాను.

"నాన్నా, నర్సమ్మ బండి వెనక ఎడమ చక్రంలో ఊళ వస్తోంది. నీకు వినిపించలేదు."

నాన్న నా పెదాల వంకే చూస్తున్నాడు. గద్దిస్తాడనుకున్నాను, లేచి లోపలికి వెళ్ళిపోతాడనుకున్నాను.

"ఎంత వేగంలో మొదలైంది?" అన్నాడు.

"నలభై దాటాక."

"మలుపులో?"

"కుడివైపు తిరిగితే పెరిగింది."

"బేరింగు," అన్నాడు నాన్న. తరవాత నా మొహంలోకి ఇంకోసారి చూసి, ఆ కళ్ళజోడు ఎప్పుడు కొన్నావని అడిగాడు. చెప్పాను. ఇవాళ్టి బండిలో చప్పుడేమీ లేదని, నన్ను చీమ కుట్టిందని కూడా చెప్పాను. అయితే నీ మొహం కనబడకుండా చూసినవి రెండే బండ్లు అనుకున్నాడు పైకే, ఊపిరి వదులుతూ. నాకు దుఃఖమూ నవ్వూ కలిసి వచ్చాయి. అన్నేళ్ళ పేరు చేతిలోంచి జారిపోతుంటే కూడా మా నాన్న ముందు లెక్క చూసుకున్నది తను తప్పు చెప్పి ఉండే బండ్లు ఎన్ని అన్నదే.

చొక్కా వేసుకుని అప్పటికప్పుడే బయల్దేరాడు. ఫోనులో చెప్పొచ్చుగా అంది అమ్మ. ఫోనులో నాకు వినబడి చావదు కదే అన్నాడు. ఆ మాట ఆయన నోటివెంట రావడం అదే మొదలు. అమ్మ గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. నేను పక్కన నడిచాను.

ఆస్పత్రి మెట్ల మీద నర్సమ్మతో నాన్న కుండబద్దలు కొట్టినట్టు చెప్పాడు, తనకి చెవులు పనిచెయ్యడం లేదని, అమ్మాయి విన్నదని, బేరింగు మార్పించాకే బండి తీసుకోమని. నర్సమ్మ కోపం తెచ్చుకోలేదు. మీరు నిన్న మాట్లాడిన గొంతు వింటేనే అనుమానం వచ్చింది బాబాయ్ గారూ, మా వార్డులో తాతలు ఇలాగే వీధి దాకా వినబడేలా మాట్లాడతారు అంది. నాన్న చెవులు, పనికిరాకపోయినా, ఎర్రబడ్డాయి.

అక్కణ్ణుంచి పత్రికాఫీసుకి వెళ్ళాం. ఎడిటరే కాస్త నీళ్ళు నమిలాడు. ఆదివారానికి వ్యాసం మారుస్తానన్నాడు గానీ, మిగతాది బయటపెట్టొద్దని బతిమాలాడు. అమ్మాయి వింటుంది, మీరు రాయండి, మూడో కంటికి తెలియనక్కర్లేదు, స్టెతస్కోపుకి చెవుల్లేవంటే ఈ పేజీ ఎవరు చదువుతారండీ అన్నాడు. ఆ మాటలు నాన్నకి అందలేదు. నేను మొహం ఆయన వైపు తిప్పి ఒక్కొక్కటే మళ్ళీ చెప్పాను. నాన్న నా పెదాలు చూసి గ్రహించాక, తుప్పు మీద రంగు వెయ్యనని మాత్రం అన్నాడు.

ఆదివారం పత్రికలో వచ్చింది చిన్న వ్యాసమే. ఈసారి బండి గురించి కాదు. ఈ వ్యాసాలు రాసే పాత బండికి చెవులు అరిగిపోయాయని, మిగతా భాగాలు పనిచేస్తున్నాయని, ఇకమీదట వినేది తన కూతురని, వేసవి మొదలైన దగ్గర్నుంచి నిజానికి విన్నదీ ఆ పిల్లేనని, దానికా సంగతి తెలియదని రాశాడు. నేను పత్రిక పట్టుకుని స్నానాల గదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను. వెక్కిరిస్తూ ఉత్తరాలు వచ్చాయి, కాదనను. గుమాస్తా గారైతే తన తెల్ల బండికి మళ్ళీ పరీక్ష పెట్టాలని పట్టుబట్టారు. పెట్టాం. తుప్పు అక్కడే ఉంది. దర్జీ షాపు వాళ్ళ ఆకుపచ్చ బండిని కూడా మళ్ళీ నడిపాం, దాన్లో ఏమీ దొరకలేదు. ఆ రాత్రి నాన్న కడుపునిండా తిన్నాడు.

అప్పట్నుంచి నాన్న ముందు సీట్లోకి మారాడు, నేను వెనక్కి. ఆయన నడిపితే నేను విని చెప్పేదాన్ని. చప్పుడంటే సరిపోదు, ఎలాంటి చప్పుడో చెప్పమనేవాడు. గరిట గిన్నెకి తగిలినట్టా, తలుపు గాలికి కొట్టుకున్నట్టా? మొదట్లో నా తలప్రాణం తోకకొచ్చేది. పోనుపోను ఆ మాటలు వెతుక్కోవడమే నాకు రుచించింది. ఉద్యోగం పిలుపొకటి వస్తే, వేసవి అయ్యాక చూద్దామని పక్కన పెట్టేశాను. అమ్మ ఏమీ అనలేదు. అమ్మ నాన్నని దెప్పడం కూడా మానేసింది. ఇల్లు కొన్నాళ్ళు బోసిపోయినట్టు ఉండేది. నాన్నే ఒకరోజు, ఏమిటీ నన్ను బొత్తిగా పట్టించుకోవడం మానేశావని అమ్మ మీద అలిగాక మళ్ళీ మొదలుపెట్టింది.

తొలకరి మబ్బులు కమ్ముతున్నప్పుడు ఆఖరి బండి వచ్చింది. కంపెనీ మొట్టమొదట తయారుచేసిన మోడలు. నీలం రంగు వెలిసిపోయి ఆకాశంలో కలిసిపోయేలా ఉంది. గడియారాలు బాగుచేసే ముసలాయన దాన్ని అమ్మాలో వద్దో తేల్చుకోలేక తాళాలు చేతులు మార్చుకుంటూ నిలబడ్డాడు. నాన్న స్టీరింగు ముందు కూర్చుని, దాన్ని రెండు చేతులతో నిమిరాడు.

తారు రోడ్డు మీద పోతూ, మాట్లాడకూడదన్న నియమం తనే తప్పి కథ చెప్పుకొచ్చాడు. ఈ మొదటి మోడల్లో మూడో గేరు వేస్తే ఈల వచ్చేదట. కంపెనీ ఎంత తంటాలు పడ్డా మాన్పించలేకపోయిందట. పెళ్ళికి ముందు అమ్మ ఎక్కడో వానలో తడుస్తూ నిలబడి ఉంటే, స్నేహితుడి దగ్గరున్న ఇలాంటి బండినే నడుపుకుంటూ వెళ్తున్న నాన్న పక్కనే నెమ్మది చేశాడట, సరిగ్గా మూడో గేరులో. ఈల వేసింది ఈయనే అనుకుని అమ్మ గొడుగు తిరగేసి ఒంటికాలి మీద లేచిందట. బండే వేసిందని చూపించడానికి నాన్న ఆవిణ్ణి ఎక్కించుకుని ఊరంతా తిప్పాడట. ఈ సంగతి ఇన్నేళ్ళలో నాకెవరూ చెప్పలేదు.

ఎత్తు దగ్గరికి వచ్చాం. నాన్న మూడో గేరు వేశాడు. మెడ కొంచెం పక్కకి వంచి, కాసేపు అలాగే నడిపాడు.

"ఈల వస్తోందా అమ్మలూ?"

రావడం లేదు. ఇంజను గుర్రుమనడం, టైర్ల కింద కంకర నలగడం, అంతే. ఎవరో గేర్‌బాక్సు మార్చేసి ఉంటారు. వస్తోందని చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. ఒక్క మాటే కదా, ఆయన ఎంత సంతోషిస్తాడో. ఈ బండిని ఎవరూ కొనడం లేదు, ఎవరి పిల్లలూ ఎక్కడం లేదు. కానీ అద్దంలో ఆయన నా వంకే చూస్తున్నాడు. ఆ మొహానికి నేను అబద్ధం చెప్పలేకపోయాను.

"లేదు నాన్నా. అస్సలు రావడం లేదు. గేర్‌బాక్సు మార్చేసినట్టున్నారు."

నాన్న ఇంకొంచెం దూరం మూడో గేరులోనే నడిపాడు. ఆయన భుజాలు నెమ్మదిగా కిందకి దిగాయి.

"అయితే ఇది నేనూ సరిగ్గానే విన్నాను," అన్నాడు.